ప్లాస్టిక్ మీద మొదటి అర్జీ: సంచి గురించా, సాంబారు గురించా?

ఆదివారం ఉదయం మా వీధి చివరి టిఫిన్ సెంటరులో పార్శిల్ కట్టే తీరు చూడాలి. పొగలు కక్కుతున్న సాంబారును గరిటెతో పల్చటి కవరులో పోసి, మూతి మెలిపెట్టి దారంతో బిగిస్తారు. పల్లీ చట్నీకి ఒక కవరు, అల్లం చట్నీకి మరొకటి. వేడి ఇడ్లీల కింద ఒక ప్లాస్టిక్ కాగితం. ఇవన్నీ పట్టుకెళ్లడానికి సంచి అడిగితే మాత్రం యజమాని తల అడ్డంగా ఊపుతాడు. "నిషేధం కదండీ, జరిమానా వేస్తారు." తిండికి తగలని ప్లాస్టిక్ మీద నిఘా ఉంది, తిండిలో నానే ప్లాస్టిక్‌ను అడిగేవారు లేరు.

ఈ మధ్య మా కాలనీ సంఘం ప్లాస్టిక్ విషయమై జీవీఎంసీకి (మహా విశాఖ నగరపాలక సంస్థకు) అర్జీ పెట్టాలనుకుంది. డాబా మీద సమావేశమైతే పదకొండు మంది పదిహేను కోరికలు చెప్పారు. బీచ్ శుభ్రం చేయించాలని ఒకరు, కవర్ల ఫ్యాక్టరీలే మూయించాలని ఒకరు, నీళ్ల సీసాలు ఆపించాలని మరొకరు. పదిహేను కోరికల అర్జీని ఏ అధికారీ చివరిదాకా చదవడు. మూడే రాద్దామని తేల్చి, ఏ మూడో పోల్చి చెప్పే పని నాకు అంటగట్టారు. మీ వార్డులోనో, అపార్టుమెంటులోనో ఇదే చర్చ నడుస్తుంటే ఈ పోలిక మీకూ పనికొస్తుంది.

దేనితో కొలవాలి

నేను ఒకే కొలబద్ద పెట్టుకున్నాను. ఆ విధానం అమలైతే మన నోట్లోకి, ముక్కులోకి పోయే ప్లాస్టిక్ తగ్గుతుందా, ఎంత త్వరగా తగ్గుతుంది? గెడ్డలు పూడుకుపోవడం, ఆవుల కడుపులో కవర్లు, ఒడ్డుకు కొట్టుకొచ్చే తాబేళ్లు, ఇవన్నీ పెద్ద సమస్యలే. కానీ ఆరోగ్యం పేరుతో అర్జీ రాస్తున్నప్పుడు వాటిని ఇందులో కలిపితే అసలు విషయం పలచబడుతుంది.

శాస్త్రం ఎక్కడ ఉందో కూడా చెప్పాలి, ఎందుకంటే సమావేశంలో సగం సమయం దీనికే పోయింది. మనుషుల రక్తంలో ప్లాస్టిక్ రేణువులున్నాయని 2022లో నెదర్లాండ్స్ పరిశోధకులు చూపించారు. 22 మంది దాతల్లో 17 మందికి కనిపించాయి. 2024లో ఇటలీ వైద్యులు మెడ రక్తనాళంలో కొవ్వు గడ్డకట్టిన 257 మందిని దాదాపు 34 నెలలు గమనించారు. ఆ కొవ్వులో ప్లాస్టిక్ రేణువులున్న వారికి గుండెపోటు, పక్షవాతం, మరణం ముప్పు లేనివారికంటే నాలుగున్నర రెట్లు కనిపించింది. భయపెట్టే అంకెలే, అయితే ఇది గమనించి చెప్పిన సంబంధం మాత్రమే. ప్లాస్టిక్ వల్లే ఆ జబ్బు వచ్చిందని రుజువు కాదు. మెదడులో ప్లాస్టిక్ గురించి 2025లో వచ్చిన అధ్యయనం మీదైతే, పరీక్షలో కొవ్వు కూడా పాలిథిన్‌లాగే కనిపించవచ్చని తోటి శాస్త్రవేత్తలే అభ్యంతరం చెప్పారు. ఇక వారానికి ఒక ఏటీఎం కార్డంత ప్లాస్టిక్ తింటున్నామనే మాట వాట్సాప్‌లో మీకూ వచ్చే ఉంటుంది. ఆ లెక్క బాగా పెంచి చెప్పినదని తరువాతి విశ్లేషణలు తేల్చాయి. దాన్ని అర్జీలో రాయకండి. ఒక్క తప్పు అంకె దొరికితే మిగతా కాగితమంతా చెత్తబుట్టలోకి పోతుంది.

రేణువుల సంగతి ఇంకా తేలుతుండగా, రసాయనాల సంగతి కొంత ముందే తేలింది. ప్లాస్టిక్‌ను గట్టిగానో మెత్తగానో చేయడానికి వాడే బిస్‌ఫినాల్స్, థాలేట్స్ వంటివి శరీరంలో హార్మోన్ల పనిలో వేలు పెడతాయి. వేడి, నూనె, నానే సమయం పెరిగేకొద్దీ అవి ఆహారంలోకి ఎక్కువ దిగుతాయి. ఈ మూడూ కలిసే చోటును వెతికితే విధానం దొరికినట్టే.

సంచుల నిషేధం: పేరు పెద్దది, నోటికి దూరం

దేశమంతటా 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నింటిని నిషేధించారు. ప్లేట్లు, కప్పులు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, అలంకరణ థర్మోకోల్, మిఠాయి డబ్బాల మీది పొర, వంద మైక్రాన్లలోపు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందమున్న బ్యానర్లు అందులో ఉన్నాయి. చేతిసంచుల మందం 2021 సెప్టెంబరు 30 నుంచి 75 మైక్రాన్లు, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లు తప్పనిసరి చేశారు.

ఈ మైక్రాన్ల లెక్కను చాలామంది ఆరోగ్య ప్రమాణం అనుకుంటారు. కాదు. మందంగా ఉంటే సంచిని మళ్లీ వాడతారు, చెత్త ఏరేవాళ్లకు ఏరితే గిట్టుబాటు అవుతుంది, గాలికి ఎగిరి కాలువలో పడదు. అంతే దాని ఉద్దేశం. 120 మైక్రాన్ల సంచిలో వేడి సాంబారు పోసినా సాంబారుకు ఒరిగేదేమీ లేదు.

అమలు సంగతి మన కళ్లముందే ఉంది. రైతుబజారులో తనిఖీ వాళ్లు వచ్చిన రోజున కవర్లు బల్ల కిందికి పోతాయి, వెళ్లగానే పైకి వస్తాయి. జరిమానా కట్టేది కొత్తిమీర అమ్ముకునే ముసలమ్మ, కవరు తయారుచేసినవాడు ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. ఫ్లెక్సీల నిషేధాన్ని అప్పటి ముఖ్యమంత్రి 2022 ఆగస్టు 26న ప్రకటించింది మన విశాఖలోనే. ఆ తరువాత మన కూడళ్లలో ఎన్ని పుట్టినరోజుల ఫ్లెక్సీలు వెలిశాయో లెక్కపెట్టడం నేను మానేశాను.

అయినా ఈ నిషేధం వద్దని అనను. ఈ రోజు ఇసుకలో పడిన కవరు ఎండకు, ఉప్పుగాలికి పెళుసై పొడి అవుతుంది. పదేళ్ల తరువాతి మైక్రోప్లాస్టిక్ అదే. కానీ అది ఆలస్యంగా వచ్చే లాభం. ఇప్పటికే చట్టం ఉన్నదాన్ని మళ్లీ అడగడం వల్ల అర్జీలో ఒక స్థానం వృథా అవుతుంది.

వేడి ఆహారం, వేడి టీ: నా మొదటి ఎంపిక

కాగితం కప్పు కాగితం అనుకుంటాం. టీ కారకుండా ఉండటానికి దాని లోపల పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు 2021లో ఈ కప్పుల్లో 85 నుంచి 90 డిగ్రీల వేడినీరు 100 మిల్లీలీటర్లు పోసి 15 నిమిషాలు ఉంచితే దాదాపు 25,000 సూక్ష్మ రేణువులు నీటిలోకి దిగాయి. మనవాళ్లు నిలబడి తాగే టీకి 15 నిమిషాలు పట్టదు, నిజమే. కానీ ఆఫీసుకు కవరులో పోసి పంపే టీ, ఇంటికి చేరేదాకా కవరులో ఉడుకుతూ ఉండే సాంబారు, నూనె కారుతున్న వేడి పునుగులు? వేడి, నూనె, సమయం మూడూ అక్కడే కలుస్తున్నాయి.

విచిత్రం ఏమిటంటే కేంద్రం నిషేధించిన వస్తువుల జాబితాలో ప్లాస్టిక్ కప్పు ఉంది కానీ, ప్లాస్టిక్ పూత పూసిన కాగితం కప్పు పేరు లేదు. తమిళనాడు ఆ ఖాళీని పూరించింది. 2019 జనవరి 1 నుంచి అమలు చేసిన నిషేధంలో పూత ఉన్న కాగితం కప్పులనూ చేర్చింది. తయారీదారులు సుప్రీంకోర్టుదాకా వెళ్లారు. 2023 అక్టోబరులో కోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది. అంటే ఒక రాష్ట్రం దీన్ని చేయగలదు, చేస్తే నిలబడుతుంది. పక్క రాష్ట్రం చేసింది కదా అని అడగడానికి మనకు ఇంతకంటే బలమైన ఆధారం అక్కరలేదు.

"ఫుడ్ గ్రేడ్ కవరే వాడుతున్నాం" అని హోటలువాళ్లు అంటారు. ఆ మాట అర్థం తెలుసుకోవాలి. ప్యాకింగ్ నుంచి ఆహారంలోకి దిగే పదార్థం మొత్తం కిలోకు 60 మిల్లీగ్రాములు దాటకూడదన్నది మన దేశంలోని ప్రమాణం. అందులో రేణువుల లెక్క వేరుగా లేదు. పైగా టిఫిన్ సెంటరులో కట్టలుగా వేలాడే పేరూ ఊరూ లేని కవరును ఎవరు, ఎప్పుడు పరీక్షించారు?

ప్రత్యామ్నాయం గురించి అడిగితే అందరూ ఒకేసారి మాట్లాడతారు. నా మటుకు నాకు గాజు గ్లాసు, స్టీలు క్యారియరు మించినవి లేవు. గ్లాసులు కడిగే తీరు బాగుండదన్న అభ్యంతరం న్యాయమైనదే. ఒకే బకెట్టులో వంద గ్లాసులు ముంచి తీసే దుకాణంలో నేనూ టీ తాగను. అందుకే గ్లాసులు తప్పనిసరి చేస్తే పక్కనే మరిగే నీళ్ల గిన్నె కూడా తప్పనిసరి చేయాలి. ఒకటి లేకుండా రెండోది అడిగితే ప్లాస్టిక్‌కు బదులు విరేచనాలు తెచ్చుకున్నట్టే.

ఇక ప్లేట్ల విషయంలో మన జిల్లాల అదృష్టం అడ్డాకు. పాడేరు, అరకు వైపు గిరిజనులు సేకరించి కుట్టే అడ్డాకుల విస్తళ్లు మనకు దగ్గర్లోనే దొరుకుతాయి, వేడి అన్నాన్నీ పులుసునూ తట్టుకుంటాయి. పెళ్లిళ్లలో ఈ మధ్య వేస్తున్న, అరటాకు బొమ్మ అచ్చువేసిన ప్లేట్లను చూసి మోసపోవద్దు. ఆకు బొమ్మ కింద ఉన్నది పూత పూసిన కాగితమే. మెషీన్‌తో అదిమిన ఆకు ప్లేట్లలోనూ కొన్నింటికి ప్లాస్టిక్ పొర ఉంటుంది. అంచు చింపి చూస్తే తెలిసిపోతుంది.

అమలుకు కొత్త చట్టం కోసం ఎదురుచూడక్కరలేదు. హోటళ్లకు, టీ దుకాణాలకు నగరపాలక సంస్థ ఇచ్చే ట్రేడ్ లైసెన్సును ఏటా పునరుద్ధరించాలి. అందులో "వేడి ద్రవాలు పల్చటి కవర్లలో పోయరాదు, సొంత గిన్నె తెచ్చినవారికి కాదనరాదు" అనే షరతు చేర్చడం తయారీదారులతో కోర్టుల్లో కొట్లాడటం కంటే చాలా తేలిక. తోపుడు బండ్లవాళ్ల మీద మాత్రం మొదటి ఏడాది జరిమానా వద్దు. వాళ్లకు గ్లాసులు కొనిపెట్టడం ఒక జరిమానా పుస్తకం అచ్చువేయడం కంటే ఎక్కువ ఖర్చేమీ కాదు.

మంట: ఎవరూ ప్లాస్టిక్ సమస్య అనుకోని సమస్య

చలికాలం ఉదయాలు ఖాళీ స్థలాల్లో ఆకులు, కవర్లు కలిపి తగలబెట్టడం మనకు మామూలు దృశ్యం. భోగి నాడు పాత టైరు పడితేగాని మంట మంటలా ఉండదనుకునేవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. ప్లాస్టిక్ మనలోకి అతి వేగంగా వెళ్లే దారి ఇదే. పీవీసీ వంటి ప్లాస్టిక్ చిన్న మంటలో కాలితే డయాక్సిన్లనే విష పదార్థాలు పుడతాయి. పక్కింటి పిల్లవాడి ఊపిరికి అది అదే నిమిషంలో అందుతుంది, పదేళ్లు ఆగదు.

ప్లాస్టిక్ ముడిసరుకు గాలిలో కలిస్తే ఏమవుతుందో ఈ నగరానికి ఎవరూ పాఠం చెప్పక్కరలేదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరిన్ థర్మోకోల్ జాతి ప్లాస్టిక్‌కు మూలపదార్థమే.

బహిరంగంగా చెత్త కాలిస్తే 5,000 రూపాయలు, పెద్దమొత్తంలో కాలిస్తే 25,000 రూపాయలు పరిహారం వసూలు చేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే ఆదేశించింది. పీఎం10 (గాలిలోని సూక్ష్మ ధూళి) ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలో విశాఖ కూడా ఉంది. కానీ జరిమానాకంటే ముందు అడగాల్సింది చెత్త బండి రోజూ రావాలని. బండి రాని వీధిలోనే మంట పుడుతుంది. కాపులుప్పాడలో చెత్త నుంచి విద్యుత్ తీసే ప్లాంటు ఉంది కదా, అక్కడా కాలుస్తున్నారు కదా అని ఒక మిత్రుడు వాదించాడు. అధిక ఉష్ణోగ్రతలో, పొగను వడకట్టే ఏర్పాటుతో, కొలిచి చూసే నిబంధనతో కాల్చడం వేరు, మన గోడ పక్కన అగ్గిపుల్ల గీయడం వేరు. ఆ ప్లాంటు పొగ లెక్కలు ప్రజలకు కనిపించేలా పెట్టమని అడగడం ఇంకో మంచి కోరిక, దానికి వేరే అర్జీ రాయాలి.

నీళ్లు: తొందరపడకూడని చోటు

2024 జనవరిలో కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులు లీటరు సీసా నీటిలో సగటున 2,40,000 ప్లాస్టిక్ రేణువులు లెక్కపెట్టారు. అందులో 90 శాతం మైక్రోప్లాస్టిక్‌కంటే కూడా చిన్నవి. సీసాది మాత్రమే కాదు, నీటిని శుద్ధి చేసే వడపోత పొరలదిగా భావిస్తున్న ప్లాస్టిక్ కూడా అందులో ఎక్కువగా కనిపించడం అసలు తమాషా. ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2024 నవంబరులో ప్యాకేజ్డ్ తాగునీటిని అధిక ప్రమాద ఆహారాల జాబితాలో చేర్చింది. అంటే తనిఖీలు పెరగాలి. మన వీధుల్లో ఎండలో తిరిగే 20 లీటర్ల క్యాన్లలో ఎన్నింటి మీద ఆ సంస్థ లైసెన్సు నంబరు ఉందో ఒకసారి చూడండి.

అయితే సీసా నీళ్లు చెడ్డవి కాబట్టి కుళాయి నీళ్లు మంచివి అనే తీర్మానానికి దూకకూడదు. మన ఇళ్లకు వచ్చేది ఏలేరు, రైవాడ, తాటిపూడి, మేఘాద్రిగెడ్డ నీరు. శుద్ధి కేంద్రం దగ్గర బాగున్న నీరు, పాత పైపుల్లో మురుగు కలిశాక అలాగే ఉండదు. తాగునీటిలో మైక్రోప్లాస్టిక్ మీద 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన మాట ఇప్పటికీ సరైనదే: సూక్ష్మజీవులను తొలగించడమే ముందు పని. రేణువులకు భయపడి కలరాను ఆహ్వానించకూడదు.

ఇంట్లో చేసుకోగలిగేది కాచి వడపోయడం. చైనా పరిశోధకులు 2024లో చూపిన దాని ప్రకారం కాల్షియం లవణాలు ఎక్కువున్న కఠిన జలాన్ని కాస్తే అడుగున పేరుకునే తెల్లటి పొరలో రేణువులు చిక్కుకుని 90 శాతం వరకు తగ్గుతాయి. మెత్తటి నీటిలో లాభం పాతిక శాతమే. మా అమ్మ కాచిన నీళ్లు గుడ్డతో వడకట్టి ఇత్తడి బిందెలో పోసేది. ఆవిడకు ఈ పరిశోధన సంగతి తెలియదు, మేమేమో ఆ బిందెను అటక మీద పెట్టి క్యాను తెచ్చుకున్నాం.

విధానంగా అడగాల్సింది ఇది: వార్డులవారీగా కుళాయి నీటి పరీక్ష ఫలితాలు ప్రతి నెలా వార్డు సచివాలయం గోడ మీద అతికించాలి, ఆర్టీసీ కాంప్లెక్సులోనూ బీచ్ రోడ్డులోనూ నమ్మదగిన ఉచిత తాగునీటి కుళాయిలు పెట్టాలి. ఖర్చు ఎక్కువ, ఫలితం నెమ్మది. అయినా పేదవాళ్లకు క్యాను ఖర్చు మిగిల్చేది ఇదొక్కటే.

త్వరగా దాటేసినవి

సీసాకు డిపాజిట్ పద్ధతి చెత్తను అద్భుతంగా తగ్గిస్తుంది. జర్మనీలో 2003 నుంచి ఉంది, కేదార్‌నాథ్ యాత్రలో 2022 నుంచి 10 రూపాయల డిపాజిట్‌తో నడిపారు. తిరుమలలో ప్లాస్టిక్ సీసాలు ఆపి గాజు సీసాలు తెచ్చారు, ఖాళీ సీసా ఇస్తే డబ్బు తిరిగి ఇస్తారు. సింహాచలం గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్ల దారిలో ఒక్క రాత్రిలో పోగయ్యే నీళ్ల ప్యాకెట్లు చూసినవారికి ఇది ఎంత అవసరమో తెలుసు. కానీ సీసాను తిరిగి ఇచ్చినంత మాత్రాన అందులోంచి తాగిన నీరు మారదు. ఆరోగ్యం కొలబద్ద మీద ఇది వెనకబడింది.

తయారీదారుల బాధ్యత గురించి కేంద్రం 2022 ఫిబ్రవరిలో మార్గదర్శకాలిచ్చింది. మూలాన్ని పట్టుకునేది అదే, ఒప్పుకుంటాను. వార్డు అర్జీతో కదిలేది మాత్రం కాదు. వాషింగ్ మెషీన్లకు వడపోతలు, సౌందర్య సాధనాల్లో ప్లాస్టిక్ పూసలు కూడా ఢిల్లీ పనులే.

చేపల గురించి ఒక్క మాట, ఎందుకంటే మా సమావేశంలో చేపలు మానేద్దామన్నవాళ్లూ ఉన్నారు. వద్దు. పెద్ద చేపల్లో రేణువులు ఎక్కువగా పేగుల్లో ఉంటాయి, వాటిని తీసేసే వండుకుంటాం. పేగులతో సహా తినేది నెత్తళ్లను. వాటిని ప్లాస్టిక్ ముక్కలు కలిసిన ఇసుక మీద ఆరబెట్టకుండా మత్స్యకారులుండే జాలారిపేటల్లో సిమెంటు గచ్చులు కట్టించమని అడగవచ్చు. హార్బరులో పొడిపొడిగా రాలే థర్మోకోల్ పెట్టెలకు బదులు గట్టి పెట్టెలు ఇప్పించమనీ అడగవచ్చు.

మీ వార్డుకు ఏది

ద్వారకానగర్, ఎంవీపీ కాలనీ, బీచ్ రోడ్డులా హోటళ్లు, టీ దుకాణాలు కిక్కిరిసిన చోట వేడి ఆహారం మొదటి స్థానంలో రాయండి. మధురవాడ, కొమ్మాది, పెందుర్తి వైపు ఖాళీ స్థలాలు ఎక్కువున్న కొత్త లేఅవుట్లలో మంటను మొదట రాయండి. క్యాన్ల మీదే బతికే బస్తీలకు నీరే మొదటిది, అక్కడ కాగితం కప్పుల ఊసెత్తితే నవ్వుతారు. జాలారిపేటలకు గచ్చులు, పెట్టెలు. పెద్ద అపార్టుమెంటు అయితే అర్జీ కంటే ముందు మీ క్లబ్ హౌసులో 200 స్టీలు ప్లేట్లు, గ్లాసులు కొనిపెట్టండి. సిద్దిపేటలో స్టీలు బ్యాంకుల పేరుతో చేసింది అదే. పుట్టినరోజు చేసుకునేవారికి అద్దెకివ్వవచ్చు.

మేము చివరికి రాసినవి మూడు. ఒకటి, ట్రేడ్ లైసెన్సులో వేడి ద్రవాల షరతు, మరిగే నీళ్ల గిన్నెతో సహా. రెండు, మా వార్డులో చెత్త బండి రాని నాలుగు వీధుల పేర్లు, మంటలు కనిపించిన తేదీలు, ఫోటోలు. మూడు, నీటి పరీక్ష ఫలితాల ప్రకటన. కాగితం కప్పుల నిషేధం రాష్ట్రం చేతిలోది కాబట్టి దాన్ని ఎమ్మెల్యేకు వేరే కాగితం మీద ఇచ్చాం. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇస్తే రసీదు నంబరు ఇస్తారు, దాన్ని అడిగి తీసుకోండి. ఒక నకలు వార్డు సచివాలయంలో పారిశుద్ధ్య కార్యదర్శికి కూడా ఇవ్వండి, రోజూ వీధిలో తిరిగేది ఆయనే.

టిఫిన్ సెంటరు యజమానికి అర్జీ నకలు చూపించాను. పూర్తిగా చదివి, "క్యారియరు తెచ్చేవాళ్లకు ఒక గరిటె సాంబారు ఎక్కువ పోస్తాలెండి, బోర్డు రాసిపెట్టండి" అన్నాడు. బోర్డు రాశాం. ఫ్లెక్సీ మీద కాదు, పలక మీద.